గుండెలో కత్తి దిగినప్పుడు: సెలైన్, సీపీఆర్ ఎందుకు చాలవు

1898 సెప్టెంబర్ 10 మధ్యాహ్నం. ఆస్ట్రియా మహారాణి ఎలిజబెత్ జెనీవాలోని హోటల్ నుంచి బయటికొచ్చి సరస్సు ఒడ్డున స్టీమర్ వైపు నడుస్తోంది. లుయిజీ లుకేని అనే ఇటలీ అరాచకవాది ఎదురొచ్చి ఛాతీ మీద ఒక్క పోటు పొడిచి పరుగెత్తాడు. అతని చేతిలో ఉన్నది కత్తి కాదు, మొన సానబెట్టిన సన్నటి ఆకురాయి. ఆమె పడిపోయింది, పక్కవాళ్లు లేపితే లేచింది. ఎవడో గుద్ది వెళ్లాడనే అనుకుంది. నడిచి వెళ్లి స్టీమర్ ఎక్కింది. స్టీమర్ కదిలాక కుప్పకూలింది. బిగుతుగా కట్టిన లోదుస్తుల తాళ్లు విప్పి చూస్తే లోపల చిన్న రక్తపు మరక తప్ప ఏమీ లేదు. హోటల్‌కి మోసుకొచ్చాక కాసేపటికే డాక్టర్లు ప్రాణం పోయిందని తేల్చారు. ఆయుధం 8.5 సెంటీమీటర్ల లోతుకు దిగి ఎడమ జఠరికను (గుండె కింది భాగంలోని ఎడమ గదిని) చీల్చిందని పోస్ట్‌మార్టంలో బయటపడింది.

గుండెకి చిల్లు పడిన మనిషి లేచి నడిచిందంటే నమ్మబుద్ధి కాదు. క్యాజువాల్టీలో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లకి మాత్రం ఇది వింత కాదు. ఛాతీ మీద అంగుళం గాయంతో తన కాళ్ల మీద తానే నడిచొచ్చి, పేరు, ఊరు చెప్పి, కాసేపటికే నాడి అందకుండా పోయే రోగులు ఇప్పటికీ ఉంటారు. ఆ కొద్దిసేపట్లో లోపల ఏం జరుగుతుందో తెలిస్తే, మిగతా ఎమర్జెన్సీ కేసుల్లో ప్రాణం నిలబెట్టే పద్ధతులు ఇక్కడ ఎందుకు ఎదురు తిరుగుతాయో కూడా తెలుస్తుంది.

ఒకటి రెండు టీ గ్లాసుల రక్తం

గుండె ఒక గట్టి పొరతో చేసిన సంచిలో ఉంటుంది. వైద్యులు దాన్ని పెరికార్డియం అంటారు. మామూలుగా అందులో 15 నుంచి 50 మిల్లీలీటర్ల ద్రవం ఉంటుంది, గుండె ఒరుసుకోకుండా కదలడానికి. ఈ సంచి నెమ్మదిగా అయితే బాగానే సాగుతుంది. టీబీ వల్లో కిడ్నీ జబ్బు వల్లో వారాల తరబడి నీరు చేరుతూ వస్తే, లీటరు పట్టినా మనిషి ఆయాసపడుతూ తిరుగుతూనే ఉంటాడు. ఒక్కసారిగా మాత్రం సాగదు. కత్తిపోటు నుంచి నిమిషాల్లో 100, 200 మిల్లీలీటర్ల రక్తం చేరితే చాలు. అంటే ఒకటి రెండు టీ గ్లాసులు. రక్తదాన శిబిరంలో ఇంతకంటే ఎక్కువే ఇచ్చి, బిస్కెట్ తిని ఇంటికెళ్లిపోతారు. కాబట్టి ఇక్కడ మనిషిని చంపేది పోయిన రక్తం కాదు, అది చిక్కుకున్న చోటు.

సంచిలో ఒత్తిడి పెరిగే కొద్దీ గుండె కుడివైపు గదులు ముందుగా నలుగుతాయి, ఎందుకంటే వాటి లోపలి ఒత్తిడి తక్కువ. ఒళ్లంతా తిరిగి సిరల ద్వారా వచ్చే రక్తానికి గుండెలోకి వెళ్లే దారి ఉండదు. గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, ఇంకా వేగంగా కూడా కొట్టుకుంటుంది, కానీ పంపడానికి లోపల ఏమీ ఉండదు. దీనికే టాంపొనేడ్ అని పేరు. బీపీ పడిపోవడం, మెడ సిరలు ఉబ్బడం, గుండె చప్పుడు ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టు వినిపించడం అనే మూడు గుర్తుల్ని అమెరికన్ సర్జన్ క్లాడ్ బెక్ 1935లో వివరించారు. వైద్య విద్యార్థులు ఇప్పటికీ ఆ మూడింటినీ వల్లె వేస్తారు. పరీక్షలో మార్కులకి బాగుంటాయి గానీ, బంధువుల ఏడుపుల మధ్య, నాలుగు మానిటర్లు ఒకేసారి మోగుతున్న గదిలో గుండె చప్పుడు మందగించిందో లేదో తేల్చడం దాదాపు అసాధ్యం. వేరే చోట రక్తం బాగా పోయి ఉంటే మెడ సిరలు అసలు ఉబ్బవు. మూడు గుర్తులూ కనిపించేదాకా ఆగితే ఆలస్యమైనట్టే.

ఇందులో ఒక విచిత్రం ఉంది. చంపేది ఆ సంచే, కాసేపు కాపాడేదీ అదే. చుట్టూ ఒత్తిడి ఉండటం వల్ల గుండెకి పడ్డ చిల్లు నుంచి రక్తం ధారగా పోదు, గడ్డ కట్టి చిల్లుకు అడ్డుపడుతుంది కూడా. మహారాణి నడవగలిగింది అందుకే. సన్నటి ఆయుధం సంచిలో చేసిన చిల్లు చిన్నది, రక్తం ఛాతీలోకి పారకుండా నెమ్మదిగా సంచిలోనే చేరింది. బుల్లెట్ అలా కాదు. సంచినీ గుండెనీ ఛిద్రం చేసి పోతుంది, రక్తమంతా ఛాతీలోకి పారిపోతుంది. గుండెకి కత్తిపోటు తగిలినవాళ్లలో సుమారు 80 శాతం మందిలో టాంపొనేడ్ కనిపిస్తుందని, తుపాకీ గాయాల్లో అది చాలా తక్కువని ట్రామా సర్జన్లు చెబుతారు. మన దేశంలో గొడవల్లో ఎక్కువగా వాడేది కత్తులు, కొడవళ్లు, స్క్రూడ్రైవర్ల లాంటివే. అంటే ఇక్కడి గుండె గాయాల్లో సకాలంలో చేయి పడితే బతికించగల రకమే ఎక్కువ ఉండాలి.

అయితే ఆస్పత్రి గుమ్మం దాకా వచ్చేవాళ్లు ఎంతమంది? దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో గుండెకి గాయమైన 1198 మంది వివరాలను 1997లో ప్రచురించారు. శవపరీక్షల లెక్కలు కూడా కలిపి చూస్తే, ప్రాణంతో ఆస్పత్రి చేరినవాళ్లు 6 శాతమే. మిగతా 94 శాతం మందీ దారిలోనో, పడిన చోటనో పోయారు. ఆస్పత్రులు ప్రకటించే విజయాల శాతాలు చదివేటప్పుడు ఈ సంఖ్యను పక్కన పెట్టుకోవాలి. అక్కడి లెక్క ఆ 6 శాతం నుంచే మొదలవుతుంది.

అలవాటైన చికిత్స ఎదురు తిరిగేచోటు

గుండె ఆగిన మనిషి ఛాతీ మీద గట్టిగా, వేగంగా నొక్కాలని (దీన్నే సీపీఆర్ అంటారు) ఇప్పుడు స్కూలు పిల్లలకి కూడా నేర్పుతున్నారు. గుండెపోటుతో ఆగిన గుండె విషయంలో అది అక్షరాలా ప్రాణదానం, ఎందుకంటే ఆ గుండె నిండా రక్తం ఉంటుంది, నొక్కితే మెదడుకి వెళుతుంది. టాంపొనేడ్‌లో గుండె ఖాళీ. రక్తం ఒంట్లోంచి పోయిన మనిషిలోనూ ఖాళీయే. ఖాళీ గుండెను బయటి నుంచి ఎంత నొక్కినా ముందుకు వెళ్లేది అంతంతమాత్రం. అందుకే గాయాల వల్ల గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కడం కంటే అసలు కారణాన్ని తొలగించడమే ముందని యూరప్ మార్గదర్శకాలు చెబుతాయి. ఊపిరి అందకపోవడం, రక్తం పోవడం, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి బిగుసుకుపోవడం, టాంపొనేడ్ అనే నాలుగింటినీ ముందు చూడమంటాయి. దీన్ని రోడ్డు మీద ఉన్నవాళ్లు సీపీఆర్ చేయకూడదని అర్థం చేసుకోకూడదు. స్పృహ, శ్వాస లేని మనిషి దగ్గర ఉన్న మామూలు మనిషి 108కి ఫోన్ చేసి వాళ్లు చెప్పినట్టు చేయడమే సరైనది. ఈ తేడా పాటించాల్సింది ఆస్పత్రి లోపలివాళ్లు. చేతిలో కత్తి, పక్కన సర్జన్ ఉండి కూడా అరగంట సేపు ఛాతీ నొక్కుతూ కూర్చోవడమే అసలు తప్పు.

రెండోది సెలైన్. బీపీ పడిపోయిందనగానే రెండు చేతులకీ సీసాలు పెట్టడం మనకి ప్రతిచోటా కనిపించే దృశ్యం. బంధువులకి కూడా సీసా వేలాడుతుంటేనే వైద్యం జరుగుతున్నట్టు. 1994లో హ్యూస్టన్ వైద్యులు ఛాతీకో పొట్టకో కత్తి, తుపాకీ గాయాలైన 598 మంది మీద చేసిన అధ్యయనం ఈ అలవాటును కుదిపేసింది. దారిలోనే ధారాళంగా సెలైన్ ఎక్కించినవాళ్లలో 62 శాతం మంది బతికితే, థియేటర్‌కి చేరేదాకా ఆపినవాళ్లలో 70 శాతం మంది బతికారు. సెలైన్ రక్తాన్ని పలచన చేస్తుంది, గడ్డ కట్టే గుణాన్ని తగ్గిస్తుంది, బీపీని పెంచి అప్పుడే అడ్డుపడ్డ గడ్డను ఊడదీస్తుంది. టాంపొనేడ్‌లో కొంచెం మినహాయింపు ఉంది. సిరల్లో ఒత్తిడి కాస్త పెరిగితే నలిగిన గుండెలోకి కొద్దిగానైనా రక్తం దూరుతుంది కాబట్టి, నాడి అందకుండా పోతున్న రోగికి కొద్ది మొత్తంలో ఇస్తారు, వీలైతే రక్తమే ఇస్తారు. మనిషి మాట్లాడుతూ, మణికట్టు దగ్గర నాడి దొరుకుతూ ఉంటే బీపీ 120కి తేవాలని పట్టుబట్టాల్సిన పని లేదు.

మూడోది అన్నిటికంటే ప్రమాదకరం, ఎందుకంటే అది చూడటానికి చాలా సమంజసంగా ఉంటుంది. ఆయాసపడుతూ, కంగారుగా మంచం మీంచి లేవబోతున్న రోగికి మత్తిచ్చి, గొంతులోకి గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టడం. మనం సొంతంగా ఊపిరి పీల్చినప్పుడు ఛాతీ లోపల ఒత్తిడి తగ్గి సిరల్లోని రక్తం గుండె వైపు లాగబడుతుంది. టాంపొనేడ్ రోగి ఆ లాగుడు మీదే బతుకుతుంటాడు. వెంటిలేటర్ గాలిని లోపలికి తోస్తుంది, అంటే ఛాతీలో ఒత్తిడి పెంచుతుంది. పైగా చాలా మత్తు మందులు రక్తనాళాల్ని వదులు చేస్తాయి. ఒకేసారి రెండు ఊతాలూ పోతాయి. గొట్టం వేసిన మరు నిమిషమే గుండె ఆగిపోవడం ఇలాగే జరుగుతుంది. అందుకే అనుభవం ఉన్న మత్తు డాక్టర్లు ఇలాంటి రోగిని మెలకువగానే థియేటర్ టేబుల్ మీదికి చేర్చి, ఛాతీకి మందు పూసి, గుడ్డలు పరిచి, సర్జన్ చేతిలో కత్తి పట్టుకుని సిద్ధంగా నిలబడ్డాకే మత్తిస్తారు. ఎక్కువమంది కెటమిన్ వైపే మొగ్గుతారు, అది బీపీని మిగతావాటంత పడగొట్టదు. రోగి కంగారు పడుతున్నాడంటే అది భయమో, మద్యం మత్తో అని కొట్టేయకూడదు. మెదడుకి రక్తం చాలకపోయినా మనిషి అలాగే పెనుగులాడతాడు.

సూది ఎందుకు చాలదు

సంచిలో రక్తం ఉంటే సూదితో లాగేయొచ్చు కదా అనిపిస్తుంది. 1943లో ఆల్‌ఫ్రెడ్ బ్లాలాక్, మార్క్ రావిచ్ అదే పద్ధతిని సమర్థించారు, ఆ తర్వాత కొన్నేళ్లు చాలా చోట్ల నడిచింది కూడా. సమస్యేమిటంటే కత్తిపోటు వల్ల వచ్చే రక్తం సంచిలో చాలా వరకు గడ్డకట్టి ఉంటుంది. గడ్డ సూదిలోంచి రాదు. వచ్చిన కొద్దిపాటి ద్రవం చూసి తృప్తి పడితే, ఏమీ రాలేదని సంచి ఖాళీ అనుకుంటే, రెండూ మోసమే. ఈ లోపు కదిలే గుండెకి సూది కొత్త చిల్లు పెట్టొచ్చు.

కానీ ఇదే సూది క్యాథ్‌ల్యాబ్‌లో అద్భుతంగా పనిచేస్తుంది. స్టెంట్ వేసేటప్పుడో పేస్‌మేకర్ తీగ పెట్టేటప్పుడో గుండెకి పొరపాటున చిల్లు పడితే, కార్డియాలజిస్టు అక్కడికక్కడే సన్నటి గొట్టం పెట్టి రక్తం లాగేస్తారు. స్టెంట్ లాంటి పనుల్లో రోగికి ముందే హెపారిన్ ఇచ్చి ఉంటారు కాబట్టి రక్తం గడ్డకట్టి ఉండదు, చిల్లు కూడా తరచుగా సన్నగానే ఉంటుంది. ఆ అనుభవంతోనే కత్తిపోటు రోగికి కూడా 'ముందు సూది వేసి చూద్దాం' అనడం అక్కడక్కడా జరుగుతుంది. సర్జన్ అందుబాటులో లేని చోట, రోగి పోతున్నప్పుడు, పది నిమిషాలు కొనుక్కోవడానికి సూది వేయడం తప్పు కాదు. దాన్నే చికిత్స అనుకోవడం తప్పు.

కనిపెట్టడానికి మాత్రం ఇప్పుడు మంచి సాధనం ఉంది. మంచం పక్కనే ఛాతీ కింద ప్రోబ్ పెట్టి చూసే అల్ట్రాసౌండ్ ఒక నిమిషంలో సంచిలో రక్తం ఉందో లేదో చూపిస్తుంది. కత్తిపోటు కాలర్ ఎముకలకీ, రెండు చనుమొనలకీ, పక్కటెముకల కింది అంచుకీ మధ్య ఎక్కడున్నా గుండెకి తగిలిందనే అనుమానంతో మొదలుపెట్టాలి. ఆ చతురస్రం బయట పోటు పడినా, పొడవైన కత్తి అయితే, వీపు వైపు నుంచైనా, పై పొట్ట నుంచైనా గుండెను అందుకోగలదు. ముందు వైపు ఉండేది కుడి జఠరిక కాబట్టి ఎక్కువ గాయాలు దానికే. అల్ట్రాసౌండ్‌కీ ఒక బలహీనత ఉంది. సంచికి కూడా పెద్ద చిల్లు పడితే రక్తం ఎడమ వైపు ఛాతీలోకి జారిపోతుంది, సంచి ఖాళీగా కనిపిస్తుంది. కాబట్టి ఎడమ ఛాతీలో రక్తం ఉన్న రోగిలో 'సంచిలో ఏం లేదు' అనే రిపోర్టును నమ్మి పడుకోకూడదు.

సీటీ స్కాన్ సంగతి ఇక్కడే చెప్పాలి. నిలకడగా ఉన్న రోగికి అది ఉపయోగమే. బీపీ జారుతున్న రోగిని స్కాన్ గదికి పంపడం అంటే, ఏమీ చేయలేని చోటికి పంపడమే.

తెరవడమే లైఫ్ సపోర్ట్

సంచిని తెరవాలి, గడ్డను బయటికి తీయాలి, చిల్లు మూయాలి. చెప్పడానికి ఇంతే. 1896లో ఇంగ్లండ్ సర్జన్ స్టీఫెన్ పేజెట్ గుండె శస్త్రచికిత్స బహుశా ప్రకృతి గీసిన హద్దుకు చేరుకుందని రాశారు. అదే ఏడాది సెప్టెంబర్ 9న ఫ్రాంక్‌ఫర్ట్‌లో లుడ్విగ్ రెన్ 22 ఏళ్ల తోటపని యువకుడి ఛాతీ తెరిచి, కుడి జఠరికలో ఉన్న సుమారు 1.5 సెంటీమీటర్ల చిల్లుకు మూడు పట్టు కుట్లు వేశారు. పోటు పడి అప్పటికి రెండు రోజులు కావొస్తోంది. కుర్రాడు బతికాడు. దానికి ఏడాది ముందు నార్వేలో ఆక్సెల్ కాపెలెన్ ఎడమ జఠరికను కుట్టారు గానీ ఆ రోగి కొద్ది రోజులకే చనిపోయాడు. 1902లో అమెరికాలోని మాంట్‌గోమరీలో లూథర్ హిల్ ఒక 13 ఏళ్ల అబ్బాయి ఎడమ జఠరికను ఒక చిన్న ఇంట్లో, వంటగది బల్ల మీద, దీపాల వెలుతురులో కుట్టి బతికించారు.

ఆపరేషన్ జరిగినంతసేపు గుండె, ఊపిరితిత్తుల పని చేసిపెట్టే హార్ట్ లంగ్ మెషీన్‌తో మొదటి ఆపరేషన్ విజయవంతమైంది 1953లో. అంటే అంతకు అరవై ఏళ్ల దగ్గరగా ముందు నుంచే కొట్టుకుంటున్న గుండెకు కుట్లు వేస్తున్నారు. ఈ తేదీలు గుర్తుపెట్టుకోదగ్గవి, ఎందుకంటే 'మా దగ్గర హార్ట్ సర్జన్ లేరు, మెషీన్ లేదు, పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి' అనే మాటకి ఇవే సమాధానం. గుండె కత్తిపోట్లలో అత్యధిక భాగానికి ఆ మెషీన్ అవసరం పడదు. కవాటం తెగినా, గుండె కండరానికి రక్తమిచ్చే పెద్ద కరోనరీ ధమని మొదట్లో తెగినా అవసరం పడొచ్చు. మిగతావాటికి ఒక జనరల్ సర్జన్, ధైర్యం ఉన్న మత్తు డాక్టర్, రక్తం ఉంటే చాలు.

పని ఎలా జరుగుతుందంటే: గుండె ఇంకా కొట్టుకుంటూ, బీపీ కాస్త నిలబడి ఉంటే థియేటర్‌లో రొమ్ము ఎముకను నిలువుగా కోసి తెరుస్తారు. గుండె ఆగిపోయినా, ఆగబోతున్నా థియేటర్ దాకా వెళ్లే టైమ్ ఉండదు. క్యాజువాల్టీ మంచం మీదే తెరవాలి. అమెరికాలో ఎక్కువగా ఎడమ పక్కటెముకల మధ్య నుంచి వెళతారు. బ్రిటన్ పద్ధతిలో రెండు వైపులా కోసి, మధ్యలో రొమ్ము ఎముకను అడ్డంగా తెంపి, ఛాతీని కారు బానెట్‌లా పైకి ఎత్తుతారు. చూడటానికి ఘోరంగా ఉంటుంది గానీ, గుండె మొత్తం ఎదురుగా కనిపిస్తుంది, సర్జన్ కానివాళ్లకి అదే తేలిక. సంచిని నిలువుగా చీలుస్తారు, పక్కనే పోయే ఫ్రెనిక్ నరం (ఊపిరి తీసే కండరాన్ని నడిపేది) తెగకుండా. గడ్డలు చేత్తో తీసేస్తారు. చాలాసార్లు ఆ క్షణంలోనే గుండె తిరిగి అందుకుంటుంది. చిల్లు మీద వేలు పెడతారు. వేలు కంటే గొప్ప పరికరం ఆ నిమిషంలో లేదు. తర్వాత కుట్లు, అవి కండరాన్ని కోసుకుపోకుండా చిన్న టెఫ్లాన్ ముక్కల ఊతం. కరోనరీ ధమని పక్కనే చిల్లుంటే కుట్టు ధమని కింద నుంచి పోనిస్తారు, లేకపోతే రక్తస్రావం ఆపబోయి గుండెపోటు తెప్పించినట్టవుతుంది. మూత్రానికి వేసే ఫోలీ గొట్టం బెలూన్‌ను చిల్లులో ఉబ్బించి ఆపే చిట్కా కూడా ఉంది, కానీ గట్టిగా లాగితే చిన్న చిల్లు పెద్దదవుతుంది.

దీన్ని రోడ్డు మీద కూడా చేయొచ్చని చూపించింది లండన్ ఎయిర్ అంబులెన్స్. అక్కడ హెలికాప్టర్‌లోనో కారులోనో డాక్టరే వస్తారు. వాళ్ల 15 ఏళ్ల అనుభవం 2011లో అచ్చయింది: కత్తిపోటు వల్ల గుండె ఆగిపోయిన 71 మందికి వీధిలోనే ఛాతీ తెరిస్తే 13 మంది బతికారు, వాళ్లలో 11 మంది మెదడు బాగానే ఉంది. 2024లో వచ్చిన ఇంకా పెద్ద లెక్క అంత ఉత్సాహంగా ఉండదు, కానీ మరింత పనికొస్తుంది. 1999 నుంచి 2019 వరకు 601 మందికి చేస్తే 30 మందే బతికారు, 5 శాతం. ఇక్కడితో ఆగితే నిరాశే. విడదీసి చూస్తే, టాంపొనేడ్ వల్ల గుండె ఆగిన 105 మందిలో 22 మంది బతికారు. అంటే 21 శాతం. రక్తమంతా పోయి ఆగిన 418 మందిలో 8 మందే, 1.9 శాతం. రెండూ కలిసి ఉన్న 72 మందిలో ఒక్కరూ లేరు. టాంపొనేడ్‌తో గుండె ఆగి 15 నిమిషాలు దాటాక, రక్తస్రావంతో ఆగి 5 నిమిషాలు దాటాక తెరిచినవాళ్లలో ఎవరూ బతకలేదు.

ఆస్పత్రుల లెక్క కూడా ఇదే వైపు చూపిస్తుంది. 24 అధ్యయనాలను, 4620 మందిని కలిపి 2000లో వేసిన లెక్కలో క్యాజువాల్టీలో ఛాతీ తెరిపించుకున్నవాళ్లలో 7.4 శాతం మంది బతికారు. కత్తిపోటు వాళ్లు 16.8 శాతం, తుపాకీ గాయాలవాళ్లు 4.3 శాతం, రోడ్డు ప్రమాదాల్లాంటి మొద్దు దెబ్బలవాళ్లు 1.4 శాతం. కాబట్టి అందరికీ ఛాతీ తెరవడం వైద్యం కాదు. తెరిచేవాళ్ల చేతులకి విరిగిన పక్కటెముకలు గుచ్చుకుంటాయి, హెపటైటిస్, హెచ్‌ఐవీ భయం ఉంటుంది, నిల్వ రక్తం ఖర్చవుతుంది. లారీ కింద పడి, నాడి లేక, అరగంట తర్వాత వచ్చిన మనిషికి ఇది చేయడంలో అర్థం లేదు. ఛాతీలో ఒక్క కత్తిపోటుతో, ఐదు నిమిషాల క్రితం దాకా మాట్లాడిన కుర్రాడికి చేయకపోవడంలోనూ అర్థం లేదు. అమెరికాలోని ఒక ప్రముఖ ట్రామా సర్జన్ల సంఘం 2015 మార్గదర్శకాల్లో గట్టిగా సిఫారసు చేసింది సరిగ్గా రెండో రకం రోగికే: ఛాతీలో దిగబడిన గాయం, నాడి లేదు, కానీ ఊపిరి ప్రయత్నం, కదలిక లాంటి జీవ లక్షణాలు ఇంకా ఉన్నాయి.

మన దగ్గర దారి ఎక్కడ తెగుతోంది

108 అంబులెన్స్ 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైంది. దానిలో వచ్చేది శిక్షణ పొందిన టెక్నీషియన్, డాక్టర్ కాదు. లండన్ పద్ధతిని మన రోడ్డు మీద ఆశించడం కుదరదు, కుదరాల్సిన అవసరమూ లేదు. ఇక్కడ అంబులెన్స్ చేయగలిగిన గొప్ప పని ఆగకుండా రావడం, వస్తూ వస్తూ ఆస్పత్రికి ఫోన్ చేయడం. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో కత్తి, తుపాకీ గాయాలవాళ్లను పోలీసులే తమ బండిలో వేసుకుని నేరుగా ట్రామా సెంటర్‌కి తీసుకుపోతారు. ఆ బండిలో ఏ వైద్యమూ ఉండదు. అయినా గాయం తీవ్రతను లెక్కలోకి తీసుకుని పోల్చినప్పుడు, అంబులెన్స్‌లో వచ్చినవాళ్లకంటే వాళ్లేమీ ఎక్కువగా చనిపోలేదని తేలింది.

మన దగ్గర నిమిషాలు ఎక్కువగా పోయేది రెఫరల్ గొలుసులో. మండల కేంద్రంలో బ్యాండేజ్, సెలైన్. అక్కడి నుంచి ఏరియా ఆస్పత్రి. అక్కడ ఎక్స్‌రే, 'జిల్లాకి తీసుకెళ్లండి'. జిల్లాలో 'హైదరాబాద్' లేదా 'విజయవాడ' లేదా 'విశాఖ'. ప్రతి మెట్టు మీదా చీటీ రాస్తారు, ప్రతి మెట్టు మీదా మళ్లీ బండి మాట్లాడుకోవాలి. గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో 2016లో గుండె మార్పిడి చేశారు. అంత నైపుణ్యం ఉన్న రాష్ట్రంలో కత్తిపోటు రోగికి కావలసింది అంతకంటే చాలా చిన్నది, కాకపోతే చాలా దగ్గరగా ఉండాలి. జిల్లా ఆస్పత్రి జనరల్ సర్జన్ తెరిచి, గడ్డ తీసి, నాలుగు కుట్లు వేసి, తర్వాత పంపించడం, తెరవకుండా మూడు గంటల ప్రయాణానికి పంపించడం కంటే ఎప్పుడూ మెరుగే. ఇలా చేసి రోగి పోతే తన మీద పడుతుందన్న భయం సర్జన్‌కి ఉంటుంది, బంధువుల దాడులు చూసిన వాళ్లకి ఆ భయం ఊరికే రాదు. అందుకే ఈ నిర్ణయం ఆ రాత్రి డ్యూటీలో ఉన్న ఒక్క మనిషి ధైర్యానికి వదిలేయకూడదు. ఏ రోగికి తెరవాలి, ఏ రోగికి వద్దు, ఎవరిని నిద్ర లేపాలి అనేది ఆస్పత్రి ముందే కాగితం మీద రాసిపెట్టుకోవాలి. పక్కటెముకల్ని విడదీసే పరికరం, కత్తి, పెద్ద కత్తెర ఉన్న ఒక ట్రే క్యాజువాల్టీలోనే ఉండాలి, తాళం వేసిన స్టోర్ రూమ్‌లో కాదు. గ్రూపు తెలిసేలోపు ఎక్కించడానికి ఓ పాజిటివ్ రక్తం రెండు ప్యాకెట్లయినా సిద్ధంగా ఉండాలి. ఓ నెగటివ్ మన దేశంలో చాలా అరుదు, మగవాళ్లకి అత్యవసరంలో ఓ పాజిటివ్‌తో నడిపించడం ఆమోదించిన పద్ధతే.

పోలీసు కేసు కదా, ఎఫ్‌ఐఆర్ అయ్యాక చూస్తాం అనే మాట చట్టరీత్యా చెల్లదు. ముందు ప్రాణం, ఆ తర్వాతే పోలీసు తంతు అని, ఇది ప్రభుత్వ, ప్రైవేటు వైద్యులందరికీ వర్తిస్తుందని పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు 1989లోనే తేల్చింది. కేసుకి సాయం చేయాలనుకునే సిబ్బంది ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు: చొక్కా కత్తిరించేటప్పుడు కత్తి దిగిన చిరుగు మీదుగా కాకుండా పక్కనుంచి కత్తిరించి, ఆ బట్టను దాచి ఇవ్వడం. ఫోరెన్సిక్ వాళ్లకి ఆ చిరుగు చాలా చెబుతుంది. దీనికి అదనంగా ఒక్క నిమిషం కూడా పట్టదు.

గాయపడ్డ చోట ఉన్నవాళ్ల విషయానికొస్తే, కత్తి ఇంకా ఛాతీలో ఉంటే పీకకూడదు. గుండెతో పాటు అది కదులుతూ కనిపించినా సరే, అది చిల్లుకు అడ్డుగా ఉన్న బిరడా. చుట్టూ గుడ్డలు పేర్చి కదలకుండా చూడాలి. ఊడిపోయి ఉంటే మళ్లీ పెట్టబోకూడదు. మనిషి కూర్చుంటేనే ఊపిరి ఆడుతోందంటే బలవంతంగా పడుకోబెట్టకూడదు. దాహం అంటాడు, నీళ్లు తాగించకూడదు, కాసేపట్లో మత్తివ్వాల్సి ఉంటుంది. ఛాతీ గాయాన్ని గాలి దూరకుండా ప్లాస్టర్‌తో బిగించేస్తే లోపల గాలి చేరి ఊపిరితిత్తి ముడుచుకుపోవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, బయటికి రక్తం రావట్లేదని, మాట్లాడుతున్నాడని 'పర్లేదు, చిన్న పోటే' అనుకోకూడదు. దగ్గర్లో సర్జన్, థియేటర్ రెండూ ఉన్న ఆస్పత్రి ఏదో తెలిస్తే, మధ్యలో క్లినిక్‌ల దగ్గర ఆగకుండా అక్కడికే వెళ్లాలి.

కుట్టాక

అందరి ఛాతీ తెరవాల్సిన పని లేదన్నది ఈ మధ్య వచ్చిన మార్పు. కేప్‌టౌన్‌లో, సంచిలో రక్తం ఉన్నా నిలకడగా ఉన్న 111 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి పూర్తిగా ఛాతీ తెరిచి, ఇంకో గుంపుకి రొమ్ము ఎముక కింద చిన్న కిటికీలాంటి కోతతో రక్తం తీసి గొట్టం పెట్టారు. 2014లో వెలువడిన ఫలితంలో రెండో పద్ధతి సురక్షితంగానే నిలిచింది. రక్తం కారడం అప్పటికే ఆగిపోయిన రోగుల సంగతి ఇది. కారుతూనే ఉంటే వెంటనే తెరవడానికి సర్జన్ పక్కనే ఉంటారు. బీపీ జారుతున్న రోగికి ఈ ఫలితాన్ని చూపించి ఆలస్యం చేస్తే అది అధ్యయనాన్ని తప్పుగా చదవడమే.

కుట్టు నిలిచి, రోగి వార్డుకి వచ్చాక ఇంకో ప్రమాదం మిగిలి ఉంటుంది. కత్తి పై గోడను దాటి లోపలికి వెళ్లి, రెండు జఠరికల మధ్య గోడకో, కవాటానికో కూడా తగిలి ఉండొచ్చు. ప్రాణం కాపాడే తొందరలో బయటి చిల్లు కుట్టేస్తారు, లోపలిది కనిపించదు. అందుకే ఇంటికి పంపే ముందు ఒకసారి, కొన్ని వారాల తర్వాత మళ్లీ ఒకసారి ఎకో (గుండె అల్ట్రాసౌండ్) తీయాలి. మధ్య గోడలో చిల్లు చిన్నదైతే గమనిస్తూ ఉండిపోతారు. పెద్దదై, కొత్తగా ఆయాసం మొదలైతే మూస్తారు, ఆపరేషన్‌తోనో, తొడ దగ్గర సిర నుంచి పంపే పరికరంతోనో. ఆ పనికి మాత్రం హార్ట్ సర్జన్, మెషీన్, పెద్దాసుపత్రి అన్నీ కావాలి. అప్పటికి తీరిక కూడా ఉంటుంది.